దత్తత వచ్చిన పిల్లులు

నీలగోపురం కోటలో మిగిలిన ఒకే ఒక్క గాదెలోకి కూడా ఎలుకలు దిగాయని తెలిసిన ఉదయం, చిన్న రాకుమారుడు మేఘనందుడు తండ్రి సింహాసనం ముందు నిలబడి, పిల్లుల కోసం బయలుదేరుతున్నానని చెప్పాడు. నిండు సభలో ఆ మాటకు నవ్వినవాడు లేడు. నవ్వడానికైనా కడుపులో ఇంత పడాలి.

సింధుమాల రాజ్యానికి దేశదేశాల్లో పేరు తెచ్చినవి ఆ గాదెలు. కోట తూర్పు ప్రాకారం పొడుగునా, తొండాలు ముడుచుకుని కూర్చున్న ఏనుగుల్లా ఆ రాతి గాదెలు బారులు తీరి ఉండేవి. వాటి గోడలకు సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలిపి నూరిన పూత పూశారు. నిండు మధ్యాహ్నం వాటి వంక చూస్తే కళ్ళు చెదిరేవి. శిఖరాల మీద రాగి కలశాలు, తలుపుల మీద బరువుతో వంగిన వరి కంకుల చెక్కడం, గాదెకూ గాదెకూ మధ్య ఏనుగు నడిచేటంత నాపరాళ్ళ బాట. కోతల రోజుల్లో ఆ బాటంతా గిత్తల మువ్వలు, కొలతగాళ్ళ పాటలు, ఎండలో బంగారు రేణువుల్లా ఎగిరే పొట్టు. వానలు మొహం చాటేసినా సింధుమాలలో పొయ్యి ఆరదని పొరుగు రాజులు అసూయతో చెప్పుకునేవారు. ఇప్పుడా కలశాలకు చిలుము పట్టింది. తెరిచి ఉన్న తలుపుల్లోంచి ముక్కిన వాసన వస్తోంది. లోపల గింజ లేదు. మోకాలి లోతు ఊకా, ఎలుక పెంటికలూ.

ఈ కీడంతా పడమటి కనుమతో మొదలైంది. ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆ కనుమలో మకాం వేసి, వచ్చిపోయే బిడారులను మాయం చేస్తున్నాడని తెలిసి, పెద్ద రాకుమారుడు జయశేఖరుడు సేనను వెంటబెట్టుకుని వెళ్ళాడు. భేరీలు మోగుతుండగా, తెల్ల గొడుగు కింద, నవ్వుతూ వెళ్ళాడు. ఒక్కరూ తిరిగి రాలేదు. వెతకబోయిన వేగులవాళ్ళకు కనుమలో శవం కనబడలేదు, ఎముక కనబడలేదు. కత్తులూ కవచాలూ చెప్పులూ మాత్రం, ఎవరో నింపాదిగా విప్పి పెట్టినట్టు, బారులుగా పడి ఉన్నాయట.

ఆ వార్త వెనకే ఎలుకలు వచ్చాయి. ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ చూడలేదు. నిప్పుకు బెదరలేదు, మందు కలిపిన ముద్ద ముట్టలేదు, బోను చుట్టూ తిరిగి పోయాయి. గాదెల కావలి పెద్ద దుగ్గన ఇనుప పొన్ను వేసిన దుడ్డుకర్రతో పగలంతా వాటిని బాదుతూనే ఉన్నాడు. చచ్చినవాటిని తట్టలకెత్తి తూర్పు వాకిలి బయట గోతిలో వేసి తగలబెట్టారు. ఆ గొయ్యి నిండింది, మరో గొయ్యి తవ్వారు. ఎలుకలు మాత్రం తరగలేదు. దుగ్గన ఒక్కగానొక్క కొడుకు పోతన కూడా జయశేఖరుడి సేనలో వెళ్ళినవాడే. ఆ దుఃఖమంతా కర్రలోకి దిగినట్టు ఆ ముసలివాడు ఆగకుండా కొట్టేవాడు.

ఇంత జరుగుతుంటే, రాజ్యమంతా గాలించినా ఒక్క పిల్లి లేదు. మేఘనందుడి తాత రణధీరుడు ఒకప్పుడు దండయాత్రకు వెళ్తుంటే పిల్లి ఎదురొచ్చింది. ఆ యుద్ధంలో ఓడిపోయి వచ్చి, కోపంతో పిల్లులన్నిటినీ తెప్పలకెక్కించి ఘూర్ణిక నదిలోకి తోయించాడు. కొట్టుకుపోయి ఏ దీవికో చేరాయనీ, బిడాలాంబ అనే యోగిని వాటిని సాకుతోందనీ జాలరులు చెప్పుకునేవారు.

రాజు విశ్వంభరుడు కొడుకు మొహం చూసి అన్నాడు.

"మా నాన్నగారు వెళ్ళగొట్టిన జాతి అది నాయనా. ఏ మొహం పెట్టుకుని అడుగుతావు?"

"వెళ్ళగొట్టినవాళ్ళ మొహమే పెట్టుకుని అడుగుతాను. వేరే మొహం నాకెక్కడిది?"

ఇంటికింత అని కొలిచి పంచుతున్న గింజల్లోంచి దారి బత్తెం తీసుకోవడానికి మేఘనందుడికి మనసొప్పలేదు. గుగ్గిళ్ళ మూట ఒకటి దుగ్గన తన వంతులోంచి కట్టుకొచ్చాడు. ఇద్దరూ ఆ పూటే కోట దాటారు.

ఘూర్ణికను నది అనడం కంటే సుడిగుండాల గుంపు అనడం సబబు. ఒక సుడి వదిలితే ఇంకొకటి అందుకునేది. తెప్ప బొంగరంలా తిరిగింది, నిలువునా లేచింది, తెడ్డు విరిగింది. దుగ్గన కర్రనే తెడ్డుగా చేసి వేశాడు. అడుగున రంపాల్లాంటి వీపులతో మొసళ్ళు తెప్పను రాసుకుంటూ పోతుంటే, ఇద్దరూ ఊపిరి బిగబట్టి దేవుళ్ళందరినీ తలుచుకున్నారు. చివరి సుడి తెప్పను ఉమ్మేసినట్టు విసిరితే ఇసుకలో బోర్లా పడ్డారు.

తల ఎత్తేసరికి కనబడిన దృశ్యానికి ఒళ్ళు మరిచారు. పచ్చలు పరిచినట్టున్న గడ్డి నేల. పూలతో ఎర్రబారిన మోదుగు చెట్లు. ప్రతి కొమ్మ మీదా, ప్రతి బండ మీదా పిల్లులు: బూడిద రంగువి, కాటుక రంగువి, పసుపు ముద్దల్లాంటివి, పులిచారలవి, వెన్నెల తునకల్లా తెల్లటివి. కొన్ని ఎండ కాచుకుంటున్నాయి, కొన్ని ఒకదాని చెవి ఒకటి నాకుతున్నాయి. మనుషులను చూసి ఒక్కటీ పరుగెత్తలేదు. మోదుగు నీడలో జడలు నేలను తాకే ఒక వృద్ధురాలు పాల దుత్త ముందు కూర్చుని ఉంది. ఆమె కళ్ళు కూడా పిల్లి కళ్ళే, ఆకుపచ్చగా.

మేఘనందుడు తాను ఎవరి మనవడో దాచలేదు. వచ్చిన పని చెప్పాడు, తాత చేసిన తప్పుకు సాష్టాంగపడ్డాడు. బిడాలాంబ లేవమనలేదు. ఎలుకలు ఎలాంటివని అడిగింది. నిప్పుకు బెదరవనీ, పోట్లాడుకోవనీ, ఎప్పుడూ బారులు కట్టి నడుస్తాయనీ అతను చెబితే ఆమె మొహం మారింది.

"ఎలుకల్ని పట్టే పనిముట్లు కావాలంటే కంసాలి చేత బోనులు చేయించుకో. నా దగ్గరున్నవి బిడ్డలు. బిడ్డలుగా తీసుకెళ్ళేవాడికే ఇస్తాను" అంది.

"దత్తత తీసుకుంటానమ్మా."

"మాటతో కాదు. వాటి దెబ్బ నీకు తగులుతుంది, వాటి ఆకలి నీకు వేస్తుంది. ఇంకొకటి. అవి వేటకు దిగాక ఆపకు. బిడ్డ నోటి దగ్గరిది లాక్కున్న పూట నీకూ వాటికీ బంధం తెగిపోతుంది, నా దగ్గరికి వచ్చేస్తాయి. నా బిడ్డల పంటి ముందు ఏ మాయా నిలవదు నాయనా. అక్కడ ఏది కనబడినా తట్టుకునే గుండె ఉంటేనే తీసుకెళ్ళు."

ఆ చివరి మాటకు అర్థమేమిటని అడగాలనిపించింది. కానీ కళ్ళ ముందు ఊరి పిల్లల డొక్కలు మెదిలి, అడగకుండానే తల ఊపాడు. బిడాలాంబ అతని అరచేతిని గోటితో గీసి, ఆ నెత్తుటి బొట్టు పాలలో కలిపింది. మేఘనందుడు ఒక్కొక్క పిల్లినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పాలు వేలితో నాకించి, చెవిలో తన వంశం పేరూ దాని పేరూ చెప్పాడు. పులిగోరు, పాలవెల్లి, కాటుకమ్మ, గంధి, చుక్కల రాయుడు... పేర్లు పెడుతుంటే మొదట దుగ్గన మూతి బిగించి నవ్వాపుకున్నాడు. ఆ తర్వాత రాకుమారుడి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని చూసి తల తిప్పుకున్నాడు. పెళ్ళి కాని ఆ కుర్రవాడు ఒక్క పూటలో ఇంటినిండా బిడ్డల తండ్రి అయ్యాడు.

తిరుగు ప్రయాణంలో నది ఆ బిడ్డలలో కొందరిని తీసుకుంది. ముందు తెప్ప మీద మనుషులు, వెనక తాడు కట్టిన రెండో తెప్ప మీద పిల్లులు. నడినదిలో మొసలి ఒకటి లేచి తాడు కొరికింది. రెండో తెప్ప సుడిలో పడి గిరగిరా తిరిగి చీలిపోయింది. మేఘనందుడు నీళ్ళలోకి దూకాడు. చేతికి దొరికినవాటిని దొరికినట్టు మెడ పట్టి దుగ్గనకు విసిరాడు. గంధి మాత్రం అతని వేళ్ళ చివరనుంచి జారిపోయింది. అది మునిగిన క్షణాన, తల నీటి పైనే ఉన్నా, అతనికి ఊపిరి ఆడలేదు. ముక్కులోకీ గొంతులోకీ నీళ్ళు పోయినట్టే తన్నుకున్నాడు. ఒడ్డుకు లాగాక కూడా చాలాసేపు అతని ఛాతీ ఎగిసిపడుతూనే ఉంది. మునిగినవి ఎన్నో అతనికి ఒంట్లోనే తెలిసింది.

ఒడ్డు దాటితే మద్ది అడవి. అడవి అంచున ధూమ్రకేశుడి భటులు దారి కాస్తున్నారు. పిల్లి అన్న మాట వింటే చాలు, చంపెయ్యమని వాళ్ళకు ఆజ్ఞ. ఇద్దరూ అడవిలో వెదురు చీల్చి బుట్టలు అల్లారు. మొహాలకు మసి పులుముకుని, మెడలో గవ్వల దండలు వేసుకుని, పాములవాళ్ళ వేషం కట్టారు. దుగ్గన సొరకాయ బుర్రతో నాగస్వరం చేసుకుని ఊదుతూ ముందు నడిచాడు. కావడి బుట్టల్లో పిల్లులు కిక్కురుమనకుండా ముడుచుకున్నాయి.

భటుల నాయకుడు, కన్ను మెల్ల ఉన్నవాడు, కావడి దింపమన్నాడు. మూత తియ్యమన్నాడు.

"తీస్తాను దొరా. పొద్దుటినుంచీ మేత లేదు, కోపంగా ఉంది. తమరు కాస్త ఎడంగా నిలబడండి" అని దుగ్గన మూత మీద చెయ్యి వేశాడు.

లోపలినుంచి పులిగోరు బుసకొట్టింది. ఏ కోడెనాగూ అంత పొగరుగా కొట్టదు. మెల్లకన్నువాడు గభాలున వెనక్కి గెంతాడు. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వుకు రోషం వచ్చి, వాడు పక్కనున్నవాడి బల్లెం లాక్కుని, చివరి బుట్టలోకి కసుక్కున దింపాడు.

ఆ బుట్టలో ఉన్నది చుక్కల రాయుడు, అన్నిట్లోకీ చిన్నది. మేఘనందుడి కుడి డొక్కలో బల్లెం దిగింది. ఒంటి మీద గాటు లేదు, లోపల పేగులు కోసుకుపోతున్నాయి. కేక వేస్తే అందరి ప్రాణాలూ పోతాయి. పళ్ళ మధ్య నాలుక నలిగి నోరంతా ఉప్పగా అయింది. మెల్లకన్నువాడు బల్లెం మొన తుడుచుకుంటూ, ఏం రా, నీ పాము చచ్చిందని ఏడుస్తావా అని వెక్కిరించాడు. మేఘనందుడు వంగి దణ్ణం పెట్టి, నవ్వి, కావడి భుజానికెత్తుకున్నాడు. అడవి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే నడిచాడు. తిరిగాక నేల మీద పడిపోయాడు.

చుక్కల రాయుణ్ణి చింతచెట్టు కింద పాతిపెట్టారు. గుగ్గిళ్ళ మూట ఎప్పుడో ఖాళీ అయింది. దారిలో పట్టిన ఉడుమునూ పిట్టలనూ పిల్లులకే పెట్టాడు. అవి తింటే అతని కడుపు కొంచెం నిండేది. ఆ ఆసరాతోనే నడిచాడు.

నీలగోపురం వాకిట్లోకి ఇద్దరూ అడుగుపెట్టినప్పుడు పొద్దు నడినెత్తిన ఉంది. వీధులకు రెండువైపులా జనం గోడలకు చేరగిలబడి కూర్చుని ఉన్నారు. జయధ్వానాలు చెయ్యడానికి ఎవరికీ గొంతు లేదు. కొందరు చేతులు మాత్రం ఎత్తారు. ఒక తల్లి తన బిడ్డ తల తిప్పి పిల్లులను చూపించింది. పిల్లులు తోకలు నిటారుగా నిలబెట్టి, తండ్రి వెనక నడిచి వచ్చిన బిడ్డల్లాగే, వాకిళ్ళన్నీ దాటి చివరి గాదె ముందు ఆగాయి. ఆ గాదెలో ఉన్నవి విత్తనపు వడ్లు. అవి పోతే వానలు పడినా విత్తడానికి ఏమీ ఉండదు.

మేఘనందుడు తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు.

వడ్ల రాశి కదులుతోంది. రాశి మీద రాశిగా ఎలుకలు, గోధుమ రంగు అలల్లా పొర్లుతున్నాయి. పైకప్పు గవాక్షంలోంచి పడే ఎండ కిరణంలో వేల కళ్ళు నిప్పురవ్వల్లా మెరిశాయి. ముందుగా పులిగోరు ఎగిరింది. పాలవెల్లి గాలిలో తెల్లటి గీత గీసినట్టు రాశి మీదికి దూకింది. కాటుకమ్మ స్తంభం ఎక్కి పైనుంచి పడింది. అలలు చీలాయి. ఇన్నాళ్ళకు మొదటిసారి ఎలుకలు పరుగెత్తడం దుగ్గన చూశాడు. ఎండిన పెదాల మీద నవ్వు లాంటిది కదిలింది.

పులిగోరు ఒక ఎలుక గొంతు పట్టింది. ఎలుక తన్నుకుంది. తన్నుకుంటూ పెరిగింది. కాళ్ళు సాగాయి, బొచ్చు రాలింది. పిల్లి పట్టు వదిలి వెనక్కి తగ్గేసరికి వడ్ల మీద వెల్లకిలా ఒక మనిషి పడి ఉన్నాడు. ఒంటి మీద నూలుపోగు లేదు, గొంతులోంచి రక్తం బుడగలు కడుతోంది. కళ్ళు తెరిచి కప్పు వంక చూశాడు, ఏదో అడగబోయినట్టు పెదాలు కదిలించాడు, ప్రాణం విడిచాడు.

"కొమ్మన" అన్నాడు దుగ్గన. "జెండా పట్టుకుని ముందు నడిచినవాడు."

మేఘనందుడికి అర్థమయ్యేలోపల పాలవెల్లి ఇంకొకదాన్ని పట్టింది. అదీ మనిషే అయింది, మీసాలు సరిగా రాని కుర్రవాడు. అవతలి మూలనుంచి ఇంకొక మనిషి మూలుగు వినబడింది. బిడాలాంబ చెప్పింది ఇదే. ఆ పంటి ముందు మాయ నిలవదు, విడుస్తుంది, విడిచిన క్షణానే ప్రాణమూ పోతుంది. కనుమలో మాయమైన సేన ఇన్నాళ్ళుగా ఇంట్లోనే ఉంది. తమ ఊరి గింజలు తింటూ, తమవాళ్ళ కర్రల కింద చస్తూ ఉంది. అన్న జయశేఖరుడు ఈ రాశిలో ఎక్కడో ఉన్నాడు, లేదా ఆ గోతుల్లో బూడిదై ఉన్నాడు.

ఆపితే బంధం తెగుతుంది. ఆపకపోతే ఒక్కొక్క పంటి గాటుకూ ఒక్కొక్కడు పోతాడు. ఆలోచించే వ్యవధి లేదు. మేఘనందుడు వడ్ల రాశి మీదికి దూకి, చేతులు చాచి, ఆగండమ్మా, ఆగండి నాయనా అని అరిచాడు.

పిల్లులన్నీ ఒక్కసారి ఆగాయి. తలలు తిప్పి అతన్ని చూశాయి. ఆ చూపులో కోపం లేదు. పీట మీదనుంచి లేవగొట్టిన బిడ్డ చూసే చూపు. అతని ఒంట్లో ఏదో దారం పుటుక్కుమంది. అప్పటిదాకా తన ఆకలితో కలిసి ఉన్న వాటి ఆకలి మాయమైంది, వెనక చల్లటి ఖాళీ మిగిలింది. కాటుకమ్మ ముందు నడిచింది. మిగతావి దాని వెనక, తలుపు దాటి, వాకిళ్ళు దాటి, నది దారి పట్టాయి. పులిగోరు మేఘనందుడి కాళ్ళ పక్కనుంచే వెళ్ళింది, అతన్ని రాసుకోలేదు. అతను పేరు పెట్టి పిలిచాడు. అది చెవి కూడా కదపలేదు.

వెనక దుగ్గన గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. కర్ర ఎప్పుడు చేతిలోంచి జారిందో, దొర్లుకుంటూ తలుపు అవతల పడింది.

"ఎన్నిటిని కొట్టానో లెక్క లేదు బాబూ" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. "మనం బయలుదేరేముందు రోజు ఒకటి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. అన్నీ బారు కట్టి పోతుంటే అదొక్కటే పోలేదు. మొహం పైకెత్తి నన్నే చూసింది. దీని పొగరు చూడమని పక్కవాళ్ళకు చూపించి మరీ కొట్టాను."

అది పోతన కాదని ఎవరు చెప్పగలరు? అవునని మాత్రం ఎవరు చెప్పగలరు? మేఘనందుడు ముసలివాడి పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం రాయిలా బిగుసుకుపోయి ఉంది.

వార్త కోటంతా పాకింది. రాజు కాలినడకన వచ్చాడు. ఆయన వెనక, సేనలోకి కొడుకులనూ మొగుళ్ళనూ పంపిన ఆడవాళ్ళంతా వచ్చారు. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశారు, ఒకరి తర్వాత ఒకరు పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. లింగా, బయ్యన్నా, నా తండ్రీ అంటూ, ఇదుగో అమ్మనురా అంటూ. పెద్ద రాకుమారుడి భార్య హైమవతి జనాన్ని తోసుకుంటూ వచ్చి, గడప మీద మోకరిల్లి, జయశేఖరా అని పిలిచింది. ఆమె నోట భర్త పేరు అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. మళ్ళీ పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది.

ఒక్క ఎలుకా తల తిప్పలేదు. గింజ పొట్టు ఒలుచుకుంటూ, బుగ్గలు నింపుకుంటూ తమ పనిలో తామున్నాయి.

మంత్రుల్లో ఒకరు, గాదెకు నిప్పు పెట్టడం తప్ప దారి లేదనీ, బతికున్నవాళ్ళనైనా కాపాడుకోవాలనీ మెల్లగా అన్నారు. రాజు ఆయన వంక చూడకుండానే ఆజ్ఞ ఇచ్చాడు. గాదెలో సగం వడ్లు తీసి ఊరికి పంచాలి, సగం అక్కడే ఉంచాలి. తలుపు ముయ్యకూడదు. ఎవరి చేతిలోనూ కర్ర ఉండకూడదు. విత్తనాలు కూడా తినేస్తే రేపేమిటని మంత్రి అడిగాడు.

"రేపు నా దగ్గర లేదు. ఇవాళ వీళ్ళు ఆకలి మీదున్నారు. వాళ్ళూ ఉన్నారు" అన్నాడు రాజు, గాదె లోపలికి చూపిస్తూ.

అప్పుడే మేఘనందుడి కంట ఒకటి పడింది. బుగ్గలు నిండిన ఎలుకలు అక్కడే తినడం లేదు. బారులు కట్టి రాశి వెనక్కి పోతున్నాయి, బుగ్గలు ఖాళీ చేసుకుని తిరిగి వస్తున్నాయి. అటు వెళ్ళి వడ్లు పక్కకు తోసి చూశాడు. నేలమీద పరిచిన బండ పగిలి, దాని కింద సొరంగం నోరు తెరిచి ఉంది. ఎంత తిన్నా ఇన్ని గాదెలు ఇంత త్వరగా ఎలా ఖాళీ అయ్యాయో అప్పుడు తెలిసింది. సొరంగం పడమటికి పోతోంది. సింధుమాల పంటను సింధుమాల సేన చేతనే ధూమ్రకేశుడు తన కనుమకు మోయిస్తున్నాడు. ఆ బారు వెంట పోతే వాడి కొలువుకే చేరాలి.

గునపాలతో బండ లేపారు. మనిషి వంగి నడిచేటంత దారి ఉంది. మేఘనందుడు తండ్రి పాదాలకు మొక్కాడు. రాజు దీవిస్తూ అతని తల మీద చెయ్యి పెట్టాడు. హైమవతి తన కాటుక బరిణె తెచ్చి మరిది చేతిలో పెట్టింది. ఆయన మనిషిగా కనబడితే ఇవ్వమంది, కనబడకపోతే తిరిగి తేవద్దంది. దుగ్గన లేచి నిలబడి, అడగకుండానే కాగడా వెలిగించి ముందు దిగాడు.

లోపల తడి మట్టి వాసన, పైనుంచి వేలాడే వేళ్ళు. గోడలనిండా గోళ్ళ గీతలు. పైన కోటలోని మాటలు కాసేపటికే వినబడకుండా పోయాయి. వాళ్ళ కాళ్ళ పక్కనుంచి ఎలుకల బారు ఒకటి నిండు బుగ్గలతో ముందుకూ, ఇంకొకటి ఖాళీ బుగ్గలతో వెనక్కీ సాగుతోంది. దారి పోను పోను ఇరుకైంది. ఒకచోట ఊట నీరు మోకాళ్ళ దాకా నిలిస్తే, ఎలుకలు మునిగీ తేలీ ఈదుతూ పోయాయి. వాటిలో ఒకటి అలసి మునగబోతే దుగ్గన దోసిలితో ఎత్తి అవతలి గట్టు మీద పెట్టాడు. అది అతని చెయ్యి కొరికి పరుగెత్తింది. అతను రక్తం తుడుచుకోలేదు.

నీటి మడుగు దాటి మలుపు తిరగగానే గాలి మారింది. ఎక్కడో ముందు జుట్టు కాలుతున్నట్టు పొగ కంపు. కాగడా మంట నీలంగా మారి సన్నగా ఊగింది. ఆ పొగ వెనకనుంచి, ఎవరో తీరిగ్గా గింజలు లెక్కపెడుతున్నట్టు, ఒక బొంగురు గొంతు అస్పష్టంగా వినబడుతోంది. మేఘనందుడు కత్తి దూసి, పరుగెత్తబోయాడు. దుగ్గన చెయ్యి అడ్డం పెట్టి అతన్ని గోడకు ఆనించాడు. వెనకనుంచి వచ్చిన బారు వాళ్ళ పాదాల ముందునుంచి, ఒకదాని వెంట ఒకటి, నెమ్మదిగా ఆ పొగలోకి పోతోంది.

"ముందు వాళ్ళని వెళ్ళనీ బాబూ" అన్నాడు దుగ్గన. "బరువు మోస్తున్నారు."